ధనుష్కోటి పాత రైలు దారిలో నడవొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. ధనుష్కోటి పాత రైలు దారి వెంట, సముద్రం పక్కన నడవాలని ఆయన కోరిక. డెబ్బై దాటాయి. తీసుకెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. ఏమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: తీసుకెళ్లండమ్మా. పట్టాల మీద నడక మాత్రం కాదని ముందే చెప్పండి. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో పాంబన్ ప్యాసింజరు ధనుష్కోటి చేరబోతూ మనుషులతో సహా కొట్టుకుపోయింది. ఆ లైను మళ్లీ వెయ్యలేదు. చాలావరకు ఇసుక కప్పేసింది. స్టేషను గోడలు, పగడపు రాళ్ల చర్చి మొండిగా నిలబడి ఉన్నాయి. మద్రాసు ఎగ్మోరులో బోట్ మెయిల్ అనే రైలెక్కినవాళ్లు ఈ ఊరి రేవులోనే స్టీమరెక్కి సిలోను వెళ్లేవారు. రైల్వే మనిషికి ఆ గోడలు చాలా చెబుతాయి.

రామేశ్వరం నుంచి ముకుందరాయర్ సత్రం దాకా ఆటోలో వెళ్లండి. అక్కణ్ణుంచి ధనుష్కోటి 5 కిలోమీటర్లు. ఆటోను వెంటే ఉంచుకుని, నాన్నగారు నడవగలిగినంతే నడిపించండి. 2017లో కొస దాకా తారురోడ్డు తెరిచాక జనం నేరుగా ఆ కొసనున్న అరిచల్‌మునై వెళ్లి, సెల్ఫీ దిగి వెనక్కొచ్చేస్తున్నారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. చూడాల్సిందంతా నడిమధ్యే ఉంది.

మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రభుత్వం తేల్చిన చోట జాలరి కుటుంబాలు తాటాకు పాకల్లో కాపురముంటున్నాయి. పొద్దున్నే వెళ్తే ఒడ్డున వల లాగుతుంటారు. రెండు తాళ్లకు రెండు వరసలు, మడమలు ఇసుకలో దిగేసి, ఒళ్లంతా వెనక్కి వాల్చి. నెత్తళ్లు పడితే అక్కడే ఇసుక మీద వల పరిచి ఎండేస్తారు. పాకల వెనక చెలమలుంటాయి. రెండు వైపులా ఉప్పు సముద్రమే, ఆ చెలమ నీళ్లు మాత్రం తాగే నీళ్లు! ఆడవాళ్లు చెంబుతో తోడి బిందె నింపుతుంటే నేను కదల్లేకపోయాను. ఫొటో తీసేముందు ఒక మాట అడగండమ్మా, అది వాళ్ల ఇల్లు.

జనవరి, ఫిబ్రవరి మంచి రోజులు. తెల్లవారేసరికి నడక మొదలుపెట్టండి, దారిలో నీడ లేదు. గొడుగు, నీళ్లు మర్చిపోవద్దు. నీళ్లు నిమ్మళంగా కనబడినా స్నానానికి దిగనివ్వకండి, లోపలికి లాగేస్తాయి. సాయంత్రమయ్యాక అక్కడ ఉండనివ్వరు. పగడపు ముక్కలు ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు, పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. నాన్నగారు చేపలు తింటే పాక ముందు వేయించి అమ్మేవి కొనండి, ఆ డబ్బు వాళ్లకే చేరుతుంది.