ప్యాచ్ వెనక్కి వస్తే పని మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఆరు నెలలుగా లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్ కోడ్ చదువుతూ, అందులో మార్పులు చేస్తానంటూ రాత్రిళ్లు కూర్చుంటోంది. జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. ఈమధ్యే మొదటి ప్యాచ్ (కోడ్‌లో తను చేసిన మార్పు) పంపింది. ఎవరో రెండు లైన్లలో జవాబిచ్చి వెనక్కి పంపారట. అది అందరికీ కనిపిస్తుందట కూడా. అప్పటినుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు, 'నాకు చేతకాదమ్మా' అంటోంది. తోటి పిల్లలంతా ఇంటర్వ్యూలకు తయారవుతున్నారు. ఇది మాన్పించి తననూ అటు మళ్లించమంటారా?
– ఒక తల్లి

జవాబు: మాన్పించకండమ్మా. ముందు ఒక పని చేయండి. ఆ రెండు లైన్ల జవాబును మీ అమ్మాయి చేతనే చదివించుకుని, దాని అర్థం ఏమిటో మీకు చెప్పమనండి. అందులో ఏముందో మీరు రాయలేదు. అయితే కెర్నెల్ పనిలో కొత్తవాళ్లకు మామూలుగా వచ్చే జవాబులు ఇలా ఉంటాయి: 'ఈ మార్పు ఎందుకు?', 'ఈ తప్పు మీకు ఎలా బయటపడింది?', 'రెండు వేర్వేరు మార్పులు కలిపేశారు, విడగొట్టి పంపండి'. వినడానికి కటువుగానే ఉంటాయి. పలకరింపు ఉండదు, మెచ్చుకోలూ ఉండదు. కానీ ఇవన్నీ 'సరిచేసి మళ్లీ పంపు' అని చెప్పే మాటలే. ఆ పని అక్కర్లేదనుకుంటే చాలాసార్లు అసలు జవాబే రాదు. రోజుకు వందల మెయిళ్లు చూసే మనిషి ఒక కొత్త విద్యార్థి కోడ్‌ను లైను లైనూ చదివి ప్రశ్న వేశారంటే, రెండో వెర్షన్ వస్తుందని నమ్మినట్టే.

అందరి ముందూ తప్పు పట్టారన్న బాధ మీ అమ్మాయికి ఎక్కువగా ఉన్నట్టుంది. అది సహజం. కెర్నెల్‌కి మార్పులు ఇప్పటికీ ఈమెయిల్‌లోనే వెళ్తాయి. ఆ మెయిళ్లన్నీ ఎవరైనా చదువుకునేలా భద్రంగా ఉంటాయి. ఆ పాత మెయిళ్లలోకి వెళ్లి, పదేళ్లు, ఇరవయ్యేళ్లు అనుభవం ఉన్నవాళ్ల పేర్లతో వెతకమనండి. ప్యాచ్ వెర్షన్ 4, వెర్షన్ 7, వెర్షన్ 11 అని వరసగా కనిపిస్తాయి. ప్రతి వెర్షన్ కిందా ఎవరో ఒకరు తప్పు చూపించి ఉంటారు. అక్కడ అది అవమానం కింద లెక్క కాదు, రోజువారీ పని. మాటతీరు విషయానికొస్తే, ఒకప్పుడు నిజంగానే చాలా కఠినంగా ఉండేది. 2018 సెప్టెంబర్‌లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన మెయిళ్లలోని దురుసుతనానికి క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. ఆ సమయంలోనే ప్రవర్తన నియమావళి కూడా వచ్చింది. ఇప్పుడూ పొడిగా మాట్లాడతారు గానీ, మనిషిని కించపరిస్తే అడిగే పద్ధతి ఉంది.

ఇక మీ అసలు బెంగ డబ్బు, భవిష్యత్తు. లైనక్స్‌ను 1991లో టోర్వాల్డ్స్ హెల్సింకిలో విద్యార్థిగా ఉన్నప్పుడు సొంత సరదా కోసం మొదలుపెట్టారు. ఈరోజు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది ఆ కెర్నెలే. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి ఉన్నవన్నీ లైనక్స్‌తో నడిచేవే. ఇంత పెద్ద పని సరదాగా ఖాళీ సమయంలో జరగదు కదా. కెర్నెల్‌లో చేరే కోడ్‌లో ఎక్కువ భాగం రాసేది కంపెనీల్లో జీతం తీసుకుంటూ అదే ఉద్యోగంగా చేసే ఇంజినీర్లు. ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్, ఏఎండీ లాంటి సంస్థలు అందుకే మనుషుల్ని పెట్టుకుంటాయి. చిప్‌లు తయారుచేసేవాళ్లు, ఫోన్లు, నెట్‌వర్క్ పరికరాలు, కార్ల ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లు, క్లౌడ్ నడిపేవాళ్లు – అందరికీ కెర్నెల్ లోపలికి వెళ్లి భయపడకుండా పనిచేసేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు అంత తేలిగ్గా దొరకరు.

ఇక్కడినుంచి మీ అమ్మాయితో మాట్లాడతాను. ఈ భాగం తన చేతికివ్వండి.

అమ్మా, నువ్వు పంపిన కోడ్ తప్పు కాకపోవచ్చు. కొత్తవాళ్ల ప్యాచ్‌లు ఎక్కువగా ఆగిపోయేది కోడ్ దగ్గర కాదు, దానికి రాసిన వివరణ దగ్గర. ఒక ఉదాహరణ చూడు. ఒక డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపే కోడ్) మొదలయ్యేటప్పుడు, అంటే ప్రోబ్‌లో, ముందు హార్డ్‌వేర్ క్లాక్‌ను ఆన్ చేస్తుంది. తర్వాత ఇంటరప్ట్ (పరికరం పంపే సంకేతం) కోసం అడుగుతుంది. ఇంటరప్ట్ దొరక్కపోతే ఎర్రర్ నంబర్ రిటర్న్ చేసి ఫంక్షన్‌లోంచి బయటికొచ్చేస్తుంది. కానీ ఆన్ చేసిన క్లాక్ ఆన్‌లోనే ఉండిపోయింది, దాన్ని ఆపే నాథుడు లేడు. సరిచేయడానికి మారేది మూడు నాలుగు లైన్లే. రిటర్న్ ఉన్న చోట గోటూ (కోడ్‌లో వేరే చోటికి దూకించే ఆదేశం) పెట్టి, ఫంక్షన్ చివర క్లాక్‌ను ఆపే లేబుల్‌కు పంపాలి. గోటూ వాడొద్దని క్లాసులో చెప్పి ఉంటారు. కెర్నెల్‌లో మాత్రం ఎర్రర్ వచ్చినప్పుడు తీసుకున్నవన్నీ వరసగా వదిలేసి బయటికి రావడానికి అదే పద్ధతి. వాళ్ల కోడింగ్ స్టైల్ పత్రంలోనే ఆ మాట ఉంది.

ఈ మార్పు చేసి చాలామంది 'ఎర్రర్ హ్యాండ్లింగ్ సరిచేశాను' అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. మెయింటైనర్‌కు, అంటే ఆ భాగం కోడ్ చూసుకునేవారికి, దానివల్ల ఏమీ తెలియదు. ఇలా రాసి చూడు: 'డ్రైవర్ ప్రోబ్‌లో ఇంటరప్ట్ దొరకనప్పుడు, అంతకుముందు ఆన్ చేసిన క్లాక్‌ను ఆపకుండానే ఫంక్షన్ ముగుస్తోంది. ఆ దారిలో కూడా క్లాక్‌ను ఆపు.' దీనికింద ఆ తప్పును తెచ్చిన పాత కమిట్ (కోడ్‌లో చేరిన ఒక్కో మార్పు) ఏదో, మార్పులన్నీ నమోదయ్యే గిట్ చరిత్రలో వెతికి, దాని గుర్తులో మొదటి 12 అక్షరాలు, శీర్షిక కలిపి ఫిక్సెస్ అనే లైనులో రాయి. ఆ ఒక్క లైను వల్ల ఈ సవరణ ఏయే పాత వెర్షన్లకు పంపాలో వాళ్లకు తెలుస్తుంది. చివరగా, ఎలా పరీక్షించావో చెప్పు. ఆ హార్డ్‌వేర్ నీ దగ్గర లేకపోతే 'కంపైల్ చేసి మాత్రమే చూశాను' అని రాయి. అలా రాయడానికి సిగ్గుపడక్కర్లేదు. పరీక్షించకుండా పరీక్షించానని రాస్తే మాత్రం నీ పేరు పోతుంది.

ఇక్కడ పేరే పెట్టుబడి. ప్రతి ప్యాచ్ కింద నువ్వు పెట్టే 'సైన్డ్ ఆఫ్ బై' లైను 2004లో వచ్చింది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని నువ్వు పూచీ పడటమే దాని అర్థం. వేరేచోట నుంచి తెచ్చిన కోడ్ కింద, ఏఐ టూల్ రాసిచ్చి నీకే సరిగా అర్థం కాని కోడ్ కింద ఆ సంతకం పెట్టకు. 2021లో ఒక విశ్వవిద్యాలయం పరిశోధకులు రివ్యూ వ్యవస్థను పరీక్షించడానికి కావాలని తప్పులున్న ప్యాచ్‌లు పంపారన్న గొడవ చెలరేగింది. ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చేవాటిని ఆపేసి, అంతకుముందు చేరిన మార్పుల్ని కూడా మళ్లీ ఒక్కొక్కటిగా తిరగేశారు. ఏ తప్పూ చేయని విద్యార్థుల పని కూడా అనుమానంలో పడింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయమిది.

ఇక జవాబు కోసం ఎదురుచూడటం గురించి. కొత్త కెర్నెల్ వెర్షన్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. అందులో మొదటి రెండు వారాలు మెర్జ్ విండో, అంటే మెయింటైనర్లు తాము పోగేసిన మార్పుల్ని టోర్వాల్డ్స్‌కు పంపే సమయం. అప్పుడు కొత్త ప్యాచ్ పంపితే రోజుల తరబడి చప్పుడు ఉండకపోవచ్చు. కనీసం వారం ఆగకుండా గుర్తుచేయకు. ఎవరికి పంపాలో ఊహించి పంపకు. సోర్స్‌తో పాటే వచ్చే గెట్ మెయింటైనర్ స్క్రిప్టుకు నీ ప్యాచ్ ఇస్తే పేర్లు అదే చెబుతుంది. స్టైల్ తప్పులు చూపే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు కూడా నడిపి పంపు. సాదా టెక్స్ట్‌లోనే పంపాలి, అటాచ్‌మెంట్ పెట్టకూడదు. ఈ రెండూ తెలియక వెనక్కి వచ్చిన ప్యాచ్‌లు నేను చాలా చూశాను.

ఇంకా మెరుగుపరచాల్సిన డ్రైవర్లు ఉండే స్టేజింగ్ డైరెక్టరీలో స్పేసులు, ట్యాబులు సరిచేసే ప్యాచ్‌లతో మొదలుపెట్టమని అందరూ చెబుతారు. పంపే పద్ధతి నేర్చుకోవడానికి ఒకటో రెండో చాలు. తర్వాత అక్కడ ఉండకు. అలాంటివి యాభై పంపినా ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. కెర్నెల్‌లోని మిగతా భాగాలకు (సబ్‌సిస్టమ్‌లకు) అలాంటివి పంపితే విసుక్కుంటారు కూడా. నేనైతే నీ సొంత ల్యాప్‌టాప్‌లో పనిచేయనిది ఏదైనా ఉందా అని చూడమంటాను. వైఫై తెగిపోతోందా? స్లీప్ నుంచి లేచాక టచ్‌ప్యాడ్ కదలడం లేదా? పాత వెర్షన్‌లో బాగానే ఉండి కొత్తదాంట్లో పాడైందా? అలాంటిది దొరికితే గిట్ బైసెక్ట్ నడుపు. రెండు వెర్షన్ల మధ్య పదివేలకు పైగా మార్పులు ఉన్నా, ప్రతిసారీ సగానికి చీల్చుకుంటూ పోతే పద్నాలుగు సార్లు బిల్డ్ చేసి బూట్ చేసేసరికి తప్పు తెచ్చిన ఆ ఒక్క కమిట్ చేతికి చిక్కుతుంది. రెండు మూడు రోజులు పడుతుంది. ఆ చివరి బూట్‌లో అదే కమిట్ అని తేలినప్పటి ఆనందం నీకు ఎవరూ మాటల్లో చెప్పలేరు. దాన్ని నువ్వు సరిచేయలేకపోయినా, ఆ కమిట్ పేరుతో రిపోర్ట్ పంపితే రాసినవాళ్లు సాధారణంగా త్వరగానే స్పందిస్తారు. సవరణలో రిపోర్ట్ చేసినవారిగా నీ పేరు చేరుతుంది.

నీ అసలు మెషీన్ పాడవుతుందని టెన్షన్ ఉంటే క్యూఈఎంయూలో, అంటే నీ కంప్యూటర్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్‌లో, బూట్ చెయ్యి, క్రాష్ అయినా పోయేదేమీ లేదు. మెయిల్ పద్ధతి అసలు ఒంటపట్టకపోతే ఫ్రీబీఎస్‌డీ, హైకూ లాంటి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు వెబ్‌లోనే రివ్యూ చేస్తాయి. మనుషులు తక్కువ, కోడ్ చిన్నది, మొత్తాన్ని మనసులో పట్టుకోవడం తేలిక. ఫ్రీబీఎస్‌డీలో నమ్మకం కుదిరినవాళ్లకు నేరుగా మార్పులు చేర్చే హక్కు ఇచ్చి, మొదట్లో ఒక మెంటర్‌ను పెడతారు. ఏది ఎంచుకున్నా నువ్వు రోజూ వాడేదే అయితే మంచిది.

మళ్లీ మీతో, తల్లిగారూ. జీతం లేదన్నారు. ఈ దారిలోనూ స్టైపెండ్ ఇచ్చే కార్యక్రమాలు ఉన్నాయి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు చాలా ఏళ్లుగా అందులో పాల్గొంటున్నాయి. లైనక్స్ ఫౌండేషన్‌కు సొంత మెంటర్‌షిప్ ఉంది. టెక్నాలజీ రంగంలో తక్కువగా కనిపించే వర్గాల కోసం అవుట్‌రీచీ అని మరొకటి ఉంది. దాంట్లో ఎంపికకు ముందే అభ్యర్థులు ప్రాజెక్టుకు కొన్ని మార్పులు పంపి చూపించాలి. మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది సరిగ్గా అదే పని.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. చాలా కంపెనీల మొదటి రౌండ్‌లో అడిగేది డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లే. ప్యాచ్ ఉందని ఆ పరీక్ష మినహాయించరు. కాబట్టి వారంలో ఐదు రోజులు రోజుకో గంటన్నర ఆ ప్రిపరేషన్‌కు, శని ఆదివారాలు కెర్నెల్‌కు పెట్టుకోమనండి. రాత్రంతా మేలుకోవడం రెండింటికీ చేటే. పరీక్షల నెలలో ప్యాచ్‌లు ఆగినా నష్టం లేదు, అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. రెజ్యూమెలో 'ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్' అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు. ఏ డ్రైవర్‌లో, ఏ పరిస్థితిలో, ఏం తప్పు జరిగేదో, దాన్ని తను ఎలా సరిచేసిందో రెండు లైన్లలో రాసి, కమిట్ లింకు పెట్టాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ లింకు తెరిస్తే కోడ్ ఒక్కటే కాదు, విమర్శ వచ్చినప్పుడు తను ఎలా మాట్లాడిందో కూడా కనిపిస్తుంది. నేను ఇంటర్వ్యూలు చేసిన రోజుల్లో ముందు చూసింది ఆ సంభాషణనే. మార్కుల జాబితాలో అది దొరకదు.

ఈ వారం తను చేయాల్సిన పని చిన్నదే. ముందు ఆ మెయిల్‌కు జవాబివ్వాలి. రివ్యూ చేసినవారి ప్రతి ప్రశ్న కిందా సమాధానం రాయాలి, ఒప్పుకోని చోట కారణం చెప్పాలి. తర్వాత కోడ్ సరిచేసి, సబ్జెక్టులో వెర్షన్ 2 అని వేసి, మొదటిదానికీ దీనికీ తేడా ఏమిటో మూడు గీతల లైనుకు కింద రాయాలి. అక్కడ రాసింది రివ్యూ చేసేవాళ్లు చదువుతారు గానీ గిట్ చరిత్రలోకి వెళ్లదు. వెంటనే కాకుండా ఒక రోజు పక్కన పెట్టి, మర్నాడు పొద్దున్న మరోసారి చదువుకుని పంపమనండి.