నీ కథలో దుర్భిణి

తమ్ముడూ,

కథ అందింది, చదివాను. 1804 సెప్టెంబరులో విశాఖపట్నం తీరాన ఇంగ్లీషువాళ్ల యుద్ధనౌక సెంచూరియన్ మీద ఫ్రెంచి నౌకాసేనాని లినోయ్ ఓడలు విరుచుకుపడిన రోజును ఎంచుకున్నావు, బాగుంది. సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఒడ్డున ఉండిపోయాడు, ఓడ లెఫ్టినెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది. ఇంతటి ఇరకాటాన్ని పక్కన పెట్టి, మొదటి పేజీ మొత్తం ఇత్తడి దుర్భిణి తళతళలకే ఖర్చుపెట్టావేంటి?

పైగా నువ్వు చూసి రాసింది నకలు సరుకు. నువ్వు పంపిన ఫోటోలో దాని మీద ‘డాలండ్, లండన్, 1920’ అని పెద్ద అక్షరాలతో చెక్కి ఉంది. అలాంటివి ఇప్పుడు షోకేసుల కోసం తయారుచేస్తున్నారు. ఆ కాలంవాటికి పై గొట్టం చాలావరకు మహాగని చెక్కది, లేదా తోలు చుట్టినది. మెరుపు కంటే చేతికి పట్టు ముఖ్యం వాళ్లకి.

డాలండ్ మాత్రం నిజం మనిషే. 1758లో జాన్ డాలండ్ పేటెంటు తీసుకున్నాక క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులు కలిపిన ముందు అద్దం వాడుకలోకి వచ్చింది. అంతకుముందు బొమ్మ అంచుల్లో రంగులు కమ్మేవి; వాటిని తగ్గించాలంటే గొట్టం బాగా పొడవుండాలి. రంగుల బెడద తగ్గాక, పొట్టి గొట్టంతోనే బొమ్మ తేటగా వచ్చింది. ఓడ అధికారి చంకలో పెట్టుకు తిరగగలిగాడు.

ఇక నీ కథకు పనికొచ్చే సంగతి. దుర్భిణి ఎంత పెద్దది చేసి చూపిస్తే చేతి వణుకూ, ఓడ ఊగడమూ అంత పెద్దవవుతాయి. కనబడే మేర ఇరుకైపోతుంది. వెతుకుతున్న ఓడ ఆ గుండ్రంలోకి వచ్చినట్టే వచ్చి జారిపోతుంది. రాత్రి వాడే కొన్నింటిలో బొమ్మ తలకిందులుగా ఉండేది, ఎందుకంటే దాన్ని నిలబెట్టే అద్దాలు అదనంగా పెడితే ఉన్న కాస్త వెలుగూ తగ్గిపోతుంది.

నీ నావికుడు డెక్ మీద నిలబడి యాభై కిలోమీటర్ల దూరాన ఫిరంగులు లెక్కపెట్టాడు. కుదరదు. నీటికి 6 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే సముద్రపు అంచు దాదాపు 9 కిలోమీటర్లే. అది దాటితే భూమి వంపు ఓడ పొట్టను దాచేస్తుంది, తెరచాపలే కనబడతాయి. తెరచాప కొయ్య మీద 30 మీటర్ల ఎత్తుకు ఎక్కినా అంచు దాదాపు 20 కిలోమీటర్లే. ఎంత మంచి అద్దమూ ఆ వంపును దాటించలేదు.

జెండా సంగతి మరీ కష్టం. గాలి మనవైపు వీస్తుంటే అంచు తప్ప రంగులు కనబడవు. కనబడినా, శత్రువు దొంగ జెండా కట్టి దగ్గరకు రావడం, కాల్పులకు ముందు అసలుది ఎగరేయడం అప్పట్లో మామూలే. నీ కథకు కావలసిన టెన్షన్ అంతా ఇక్కడుంది.

1801 కోపెన్‌హేగన్ యుద్ధంలో ఇంగ్లీషు నౌకాసేనాని నెల్సన్ చూపులేని కంటికి దుర్భిణి పెట్టుకున్నాడన్న ముచ్చట మాత్రం తీసెయ్. అందరికీ తెలిసిందే.

మొదటి పేజీ కొట్టేసి, వస్తున్నవి ఎవరి ఓడలో ఫిలిప్స్ తేల్చుకోలేకపోతున్న చోట మొదలుపెట్టు. ఒడ్డున లిండ్ చేతికీ ఒక దుర్భిణి ఇవ్వు; ఫిరంగులు మొదలయ్యాక పొగలో అతనికి తన ఓడ ఎంతవరకు కనబడుతుందో ఆలోచించి రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య