శనివారం పొద్దున కారు దిగండి

మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచూ అడుగుతుంటారు: "పిల్లవాడు ఫుటీలో చేరతానంటున్నాడు. ఆ ఆటలో మాకు ఓనమాలు కూడా తెలియవు. చేర్చమంటారా?" ఫుటీ అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. తప్పకుండా చేర్చండి. పిల్లవాడిని దింపేసి వెళ్లిపోకుండా మీరూ దిగండి.

మా అబ్బాయిని ఆస్‌కిక్‌లో, అంటే చిన్నపిల్లలకు ఫుటీ నేర్పే కార్యక్రమంలో, చేర్చిన కొత్తలో మేము చేసిన పొరపాటు అదే. మే నెల చలి, గడ్డి నిండా మంచు. హీటర్ వేసుకుని కారులోనే కూర్చున్నాం. వాడు మొదటిసారి బంతి పట్టుకోగానే తలతిప్పి మైదానం అంచు గీత వైపు చూశాడు. అక్కడ అందరి అమ్మానాన్నలూ ఉన్నారు, మేము తప్ప. కారు అద్దంలోంచి ఆ చూపు నాకు కనబడింది. ఆ తరువాత ఒక్క శనివారం కూడా కారులో కూర్చోలేదు.

ఆట తెలియదని జంకనక్కరలేదు. జట్టుకు 18 మంది, కోలగా ఉండే బంతి, రెండు చివరలా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1. ఈ మాత్రం తెలుసుకుని వెళితే, మిగతాది పక్కన నిలబడిన తాతగారెవరో ఓపికగా చెబుతారు. విరామంలో పిల్లలకు నారింజ ముక్కలు కోసి పెట్టడం, స్కోరు రాయడం, క్యాంటీన్‌లో నిలబడడం తల్లిదండ్రులే వంతులవారీగా చేస్తారు. మీ వంతు అడిగి తీసుకోండి. మావారికి ఈ దేశంలో మొదటి స్నేహితుడు దొరికింది స్కోరు పుస్తకం దగ్గరే.

అక్టోబరుకల్లా ఫుటీ ముగిసి క్రికెట్ మొదలవుతుంది. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈ ఆట మనకు తెలుసు కాబట్టి గీత దగ్గర నిలబడి కేకలు వేస్తాం. ఇక్కడ చిన్నపిల్లల మ్యాచ్‌లో అందరికీ బ్యాటింగ్, అందరికీ బౌలింగ్. పిచ్ కూడా 16 మీటర్లే. ముందు ఆట మీద ఇష్టం పెరగాలన్నది వాళ్ల పద్ధతి. కారెక్కగానే "ఆ బంతిని ఎందుకలా ఆడావు?" అని విచారణ పెట్టకండి. మా అమ్మాయి పదేళ్లప్పుడు, "అమ్మా, ఇంటికి వెళ్లేదాకా క్రికెట్ మాట వద్దు, ఆకలేస్తోంది" అంది. అప్పటి నుంచి కారులో పులిహోర డబ్బా ఉంచుతున్నాను.

ఏడాదికి ఒక్కరోజైనా ఇంటిల్లిపాదీ ఎంసీజీకి, అంటే మెల్‌బోర్న్ క్రికెట్ మైదానానికి, వెళ్లండి. టోపీలు మరవకండి. విశాఖ నుంచి వచ్చిన మా నాన్నగారితో కలిసి 2024 డిసెంబరు 28న భారత్-ఆస్ట్రేలియా టెస్టు చూస్తూ మేము అక్కడే ఉన్నాం. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా అటువైపు బుమ్రా అవుటయ్యాడు. ఆఖరి బ్యాటరుగా హైదరాబాదు సిరాజ్ వచ్చాడు. కమిన్స్ వేసిన మూడు బంతులనూ అతను కాచుకునేంతసేపూ నాన్నగారు నా చేయి వదలలేదు. గాజు నొక్కుకున్న గుర్తు రాత్రిదాకా ఉంది. తరువాత బోలండ్ ఓవర్‌లో ఫోరు, సెంచరీ! కొడుకు ఆట కోసం ఉద్యోగం మానుకున్న నితీశ్ నాన్న ముత్యాల రెడ్డి గారు కన్నీళ్లు పెట్టుకోవడం రాత్రి టీవీలో చూసి నాన్నగారు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆ టెస్టు మనం 184 పరుగుల తేడాతో ఓడిపోయాం. మా ఇంట్లో మాత్రం ఎవరికీ ఆ ఓటమి గుర్తులేదు.

ఆ రోజు మా అబ్బాయి ఆస్ట్రేలియా టోపీ పెట్టుకునే వచ్చాడు. నితీశ్ సెంచరీకి తాతయ్యతో పాటు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "నువ్వు ఎవరి పక్షం?" అని పిల్లలను నిలదీయకండి. రెండు దేశాలూ వాళ్లవే.

చూడడంతో ఆపకండి. డిసెంబరులో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. అన్నాలు తిని, టెన్నిస్ బంతి పట్టుకుని పార్కుకు నడవండి. నాన్నగారు తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మనవరాలికి ఆరు బంతులు వేశారు. ఆరో బంతికి అది బౌల్డయింది. ఆ బంతి ఇప్పుడు విశాఖలో ఆయన అలమరలో ఉంది.