ఎలుక పోలీసు కిందికి ఎప్పుడు దిగాలి?

పాత వీడియో గేముల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, నమస్కారం. మాది ఆమదాలవలస. 1996, 97 ప్రాంతంలో వేసవి సెలవులకి విజయనగరం మా మావయ్య ఇంటికి వెళ్లినప్పుడు టీవీకి తగిలించే వీడియో గేమ్‌లో ఒక ఆట ఆడేవాళ్లం. పోలీసు టోపీ పెట్టుకున్న ఎలుక, దాని వెంటపడే పిల్లులు, వలల మీద గెంతడం ఇవే గుర్తున్నాయి. పేరు గుర్తు రావడం లేదు. మా అప్ప ఎంతసేపైనా ఆడేది, నేను రెండు నిమిషాలకే అయిపోయేవాణ్ణి. ఆ ఆట పేరేంటి, మా అప్పకి తెలిసిన కిటుకేంటి? మా పాపకి తొమ్మిదేళ్లు. దానికి చూపించాలని ఉంది.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: బాబూ, మీ ఉత్తరం సగం చదివేసరికే ఆ ఆటలోని పాట నా చెవిలో మోగింది. ఆ ఆట పేరు మ్యాపీ. దొంగ పిల్లులు ఇంట్లో దాచిన సొత్తుని, వలల మీద గెంతి అంతస్తులు మారుతూ ఈ ఎలుక పోలీసు తిరిగి తీసుకోవాలి. జపాన్‌లోని నామ్కో కంపెనీ 1983లో దాన్ని నాణెం వేసి ఆడే పెద్ద మెషీన్ల కోసం చేసింది. 1984లో ఫ్యామికామ్ అనే ఇంటి మెషీన్‌కి తెచ్చింది. మన ఊళ్లలో దొరికిన టీవీ గేములు చాలావరకు ఆ ఫ్యామికామ్‌కి నకళ్లే. ఒకే క్యాసెట్‌లో పదుల ఆటలు కుక్కి అమ్మేవారు, వాటిలో మ్యాపీ కూడా వచ్చేది.

జపాన్‌లో పోలీసుల్ని పిలిచే ‘మప్పో’ అనే పాత వాడుక మాట ఉంది. ఎలుక పేరు దాని నుంచి వచ్చిందే. దొంగల నాయకుడైన లావు పిల్లి పేరు అక్కడ న్యామ్కో. మన పిల్లి ‘మ్యావ్’ అంటే వాళ్ల పిల్లి ‘న్యా’ అంటుంది. దానికి కంపెనీ పేరు అతికించారు. బయటి దేశాలకి వచ్చేసరికి ఆ పిల్లి గోరో అయింది.

ఇక కిటుకు. నాకు విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో టీవీ రిపేరు కొట్టు ఉండేది. ముందు గదిలో రెండు టీవీలు పెట్టి పిల్లలకి గేములు అద్దెకిచ్చేవాణ్ణి, అరగంటకి రెండు రూపాయలు. గుంటలంతా ఎలుకనే కళ్లార్పకుండా చూస్తూ ఆడేవారు. తమ్ముణ్ణి తీసుకుపోవడానికి స్కూలు యూనిఫాంతో ఒక అమ్మాయి వచ్చేది. ఒకరోజు వాడి ఆట అయిపోతే మిగిలిన అయిదు నిమిషాలూ తను ఆడింది. నేను సోల్డరింగ్ ఆపి చూశాను. ఎలుక వల మీద పైకీ కిందికీ ఊగుతోంది. ఆ అమ్మాయి బొటనవేలు బాణం బటన్ మీద ఆనించి ఉంచింది గానీ నొక్కడం లేదు. కళ్లు పిల్లుల మీద ఉన్నాయి. రెండు పిల్లులు ఎడమ వైపుకి తిరిగాయి. అప్పుడు కుడి బాణం ఒక్కసారి నొక్కింది. ఎలుక మెత్తగా కుడి అంతస్తు మీద దిగి, అక్కడున్న టీవీ తీసుకుని వెళ్లిపోయింది.

మీ అప్ప చేసింది కూడా ఇదే అయి ఉంటుంది. మ్యాపీ గాల్లో ఉన్నంతసేపు ఏ పిల్లీ దాన్ని ఏమీ చేయలేదు. ఒకే వల మీద పిల్లి పక్కనుంచి పోయినా ప్రమాదం లేదు. పట్టుబడేది నేల మీదే. అందుకని ఆటంతా ఎప్పుడు దిగాలన్న లెక్కలో ఉంది. అలాగని గాల్లోనే ఉండిపోవడానికీ లేదు. గెంతినప్పుడల్లా వల రంగు మారుతుంది, ఎర్రబడిందంటే జాగ్రత్త, ఎక్కడా దిగకుండా వరుసగా నాలుగోసారి దాని మీద పడితే తెగిపోతుంది. మూడు గెంతుల్లో మనసులో లెక్క తేల్చుకోవాలి. మరీ ఆలస్యం చేస్తే పాట వేగం అందుకుంటుంది. అక్కడే పిల్లలకి టెన్షన్ మొదలయ్యేది.

నాకు ఈ ఆట మీద ఇంత ప్రేమ ఎందుకంటే, ఈ ఎలుకకి నేల మీద నిలబడి ఎగరడం రాదు. చేతిలో తుపాకీ లేదు, పిల్లి నెత్తి మీద దూకి చంపడం లేదు. ఉన్న ఒక్క బటన్ తలుపు తీయడానికి. ఆ తలుపునే ఆయుధం చేశారు. పిడి ఉన్న వైపుకి తలుపు తెరుచుకుంటుంది, ఆ వైపు పిల్లి ఉంటే దెబ్బ తిని కాసేపు పడిపోతుంది. మిణుకుమిణుకుమనే తలుపు తీస్తే అలలాంటిది ఒకటి బయల్దేరి, ఎదురొచ్చిన పిల్లులన్నిటినీ తెర బయటికి ఊడ్చుకుపోతుంది. మూడు పిల్లులు వరసలోకి వచ్చేదాకా ఆగి ఆ తలుపు తీసినప్పటి ఆనందం నాకిప్పటికీ తగ్గలేదు.

పాపకి ఇంకొకటి కూడా చెప్పండి. పిల్లులు దాచిన దొంగ సొత్తులో రేడియో క్యాసెట్ ప్లేయర్, టీవీ, కంప్యూటర్, మోనాలిసా బొమ్మ, ఇనప్పెట్టె ఉంటాయి. ఒక్కోటి రెండేసి. కనపడింది కనపడినట్టు తీసుకుంటే మామూలు పాయింట్లే. ఒక రేడియో తీశాక వెంటనే రెండో రేడియో తీస్తే రెట్టింపు, తర్వాతి జతకి మూడు రెట్లు, అలా పెరుగుతుంది. గోరో అప్పుడప్పుడు ఒక వస్తువు వెనక నక్కుతాడు. సరిగ్గా అప్పుడు ఆ వస్తువు తీస్తే అదనంగా 1000 పాయింట్లు.

చూపించడానికి ఇబ్బంది లేదు. 2020లో వచ్చిన నామ్కో మ్యూజియం ఆర్కైవ్స్ మొదటి భాగంలో మీరు ఆడిన ఫ్యామికామ్ మ్యాపీయే ఉంది. కంప్యూటర్‌లో ఆడొచ్చు. మొదటి రోజు పాపకి ఏమీ నేర్పకండి. రెండో రోజు అప్పని పిలవండి.

ప్రశ్న: అన్నయ్యగారూ, అటక మీద మా పిల్లల పాత టీవీ గేమ్ దొరికింది. మెషీన్ ఆన్ అవుతోంది గానీ క్యాసెట్ పెడితే తెర మీద గళ్లు గళ్లుగా వస్తోంది. అప్పట్లోలా నోటితో ఊదితే ఒకసారి ఆడింది, మళ్లీ ఆగిపోయింది. పారేయమంటారా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, పారేయొద్దు. ఊదడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి. నోటి తడి ఆ రాగి పళ్ల మీద చేరి మెల్లగా తినేస్తుంది. ఊదాక ఆడిందంటే, తీసి మళ్లీ పెట్టడం వల్ల పళ్లు కొత్త చోట ఆనాయి, అంతే. మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. చెవులు తుడిచే దూది పుల్ల దానిలో కొద్దిగా తడిపి, క్యాసెట్ అడుగున వరసగా ఉన్న పళ్లని మెల్లగా తుడవండి. పుల్ల నల్లబడుతుంది. నల్లబడ్డం మానేదాకా పుల్లలు మార్చండి. పావుగంట ఆరనిచ్చి పెట్టండి. ఇటు శ్రీకాకుళం దాకా మనది సముద్రపు గాలి, తుప్పు త్వరగా పడుతుంది. బాగయ్యాక గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టుకోండి.

అప్పటికీ గళ్లే వస్తే తప్పు మెషీన్ లోపలి స్లాటులో ఉంటుంది. పాత టీవీలు బాగుచేసే వాళ్లెవరికైనా చూపించండి.

ప్రశ్న: మా ఇంట్లో కవలలు, ఏడేళ్లు. ఇద్దరూ గేమ్ రిమోట్ కోసం కొట్టుకుంటారు. జంతువుల బొమ్మలున్న పాత ఆట ఒకటి చెప్పండి సార్.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: బైనరీ ల్యాండ్. హడ్సన్ కంపెనీది, ఫ్యామికామ్‌కి 1985లో వచ్చింది. ఇందులో రెండు పెంగ్విన్లు, ఒకటి మగ, ఒకటి ఆడ. రిమోట్ ఒకటే, బాణం నొక్కితే రెండూ కదులుతాయి. కానీ ఒకటి ఎడమకి పోతే రెండోది కుడికి పోతుంది, అద్దంలో బొమ్మలాగ. దారిలో సాలెపురుగులు, గూళ్లు. రెండూ ఒకేసారి పైనున్న గుండె గుర్తుని చెరో పక్క నుంచి చేరాలి. ఒకడి చేతికి రిమోట్ ఇచ్చి, రెండోవాణ్ణి రెండో పెంగ్విన్‌ని చూసి దారి చెప్పమనండి. మాట వినకపోతే ఇద్దరి పెంగ్విన్లూ ఆగిపోతాయి.