క్షారత నత్రజనిదా, ఫాస్ఫరస్‌దా?

ఫాస్ఫరస్, నత్రజని కలిసి ఉన్న వలయ సమ్మేళనాలకు అంత క్షారత (ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయాన్‌ను, లాక్కునే గుణం) నత్రజని వల్లనే వస్తుందా అని అడిగారు. ఒక ఫాస్ఫరస్, నాలుగు నత్రజనులు పంజరంలా అల్లుకున్న బలమైన క్షారమైన వెర్కేడ్ క్షారం విషయంలో మాత్రం కాదనే చెబుతాను. నేనూ చాలాకాలం అవుననే నమ్మినవాణ్ణి.

పరిశోధనలో చేరిన రెండో ఏడు, మిథైల్ సమూహాలున్న వెర్కేడ్ క్షారంతో చేస్తున్న చర్య వరుసగా మూడుసార్లు జరగలేదు. సీసా రబ్బరు మూత నిండా సూదిపోట్లే. అనుమానం వచ్చి ఫాస్ఫరస్ ఎన్ఎంఆర్ (అణువులో ఫాస్ఫరస్ ఏ స్థితిలో ఉందో గీతల రూపంలో చూపే పరీక్ష) తీస్తే, 120 పీపీఎం దగ్గర ఉండవలసిన గీత చిన్నదై, సున్నాకు దిగువన మైనస్ 10 ప్రాంతంలో మరొకటి ఎత్తుగా కనిపించింది. ప్రోటాన్ డీకప్లింగ్ (హైడ్రోజన్ల ప్రభావంతో గీతలు చీలకుండా చేసే పద్ధతి) ఆపి మళ్లీ తీస్తే, ఆ కొత్త గీత సుమారు 490 హెర్ట్జ్ ఎడంతో రెండుగా చీలింది. హైడ్రోజన్ నేరుగా ఫాస్ఫరస్‌కే అతుక్కుంటే తప్ప అంత ఎడం రాదు. అంటే, సీసాలోకి చేరిన తేమ నుంచి ప్రోటాన్‌ను లాక్కున్నది ఆ అణువులోని నాలుగు నత్రజనుల్లో ఏదీ కాదు, ఫాస్ఫరస్. ఫాస్ఫరస్ స్పెక్ట్రమ్‌ను ఎప్పుడూ డీకప్లింగ్‌తోనే తీసి పక్కన పెట్టే అలవాటు మన పరిశోధనశాలల్లో పోవాలి. ఇంత స్పష్టమైన సాక్ష్యాన్ని అది చెరిపేస్తుంది.

అయితే నత్రజని ఊరకే ఉండదు. 1989లో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వెర్కేడ్ బృందం వెలుగులోకి తెచ్చిన ఈ పంజరంలో, ఫాస్ఫరస్ మీదికి ప్రోటాన్ చేరగానే, ఎదురుగా అడుగున ఉన్న నత్రజని తన ఒంటరి ఎలక్ట్రాన్ జంటను పంజరం గుండా అందించి బంధం ఏర్పరుస్తుంది. దానితో మూడు అయిదు సభ్యుల వలయాలు ఏర్పడి, ధనావేశం కుదురుకుంటుంది. ఎసిటోనైట్రైల్‌లో దీని సంయుగ్మ ఆమ్లం (ప్రోటాన్ చేరిన రూపం) పీకేఏ, అంటే ఎంత ఎక్కువైతే క్షారం అంత బలమైనదని చెప్పే కొలత, దాదాపు 32.9, అందరూ వాడే సేంద్రియ క్షారం డీబీయూది 24.3, అంటే సుమారు నలభై కోట్ల రెట్ల తేడా.

అందుకే, నత్రజనులను లెక్కపెట్టి క్షారతను అంచనా వేయించే పద్ధతిని పాఠాల్లోంచి పూర్తిగా తీసివేయాలని నా దృఢాభిప్రాయం. ఫాస్ఫరస్, నత్రజని ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న వలయానికి ఆరు క్లోరిన్లు తగిలించిన హెక్సాక్లోరోసైక్లోట్రైఫాస్ఫజీన్‌నే చూడండి: వలయంలో మూడు నత్రజనులున్నా, క్లోరిన్లు ఎలక్ట్రాన్లను లాగేయడం వల్ల దానికి క్షారత లేదన్నంత తక్కువ. ఆ క్లోరిన్ల స్థానంలో డైమిథైలమినో సమూహాలు పెడితే అదే వలయం చెప్పుకోదగ్గ క్షారమవుతుంది. అప్పుడు కూడా ప్రోటాన్ చేరేది కొత్తగా వచ్చిన నత్రజనుల మీదికి కాదు, వలయంలో మొదటి నుంచీ ఉన్న నత్రజని మీదికే.