గద్వాల చీరల రీల్స్‌ను మూడు సెకన్లకే దాటేస్తున్నారంటే

ఇన్‌స్టాగ్రామ్‌లో మీ దుకాణం రీల్స్ పెడుతుంటే, చీరలు మంచిగున్నా జనం ఆగట్లేదన్నారు కదా, తప్పు చాలావరకు మొదటి షాట్‌దే. దుకాణం బోర్డు, లోగో, ‘అందరికీ నమస్తే’తో మొదలైతే ఆగి చూడ్డానికి ఏమీ దొరకదు.

1. నూలు చీరకు పట్టు అంచు కలిసే చోటుతో మొదలుపెట్టండి. ఫోన్ జానెడు దూరంలో, కిటికీ వెలుతురు పక్క నుంచి. జరీ తెల్లగా మెరిసిపోతే తెర మీద అక్కడే వేలు నొక్కి పట్టి వెలుతురు తగ్గించండి. పైన ఒక్క ప్రశ్న: ‘ఒళ్లు నూలు, అంచు పట్టు. అతికిందెట్లా?’ జవాబు చివర్లోనే.

2. వీడియో నిలువుగా, 1080×1920 పిక్సెళ్లలో. అక్షరాలు అడుగున వద్దు, క్యాప్షన్ కప్పేస్తుంది.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే: ఇన్‌సైట్స్‌లో (రీల్‌ను ఎంతమంది ఎంతసేపు చూశారో యాప్ చూపే లెక్కలు) రిటెన్షన్ గ్రాఫ్, అంటే ఏ సెకను దాకా ఎంతమంది ఆగారో చూపే గీత, చూడాలి. వ్యూస్ అంకె చూసి మూసేస్తే కారణం దొరకదు. గీత మొదట్లోనే జారితే, తర్వాతి రీల్‌లో మొదటి షాట్ మార్చండి. మధ్యలో జారితే అక్కడి ముక్క సాగుతున్నట్టు, అలాంటిది కుదించండి. పాట, హ్యాష్‌ట్యాగులు అప్పుడే ముట్టుకోవద్దు. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

4. ధర తెర మీదే రాయండి.