బాంగ్ కొట్టట్లేదు కదా, అడిక్ట్ కాడంట!

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడు హైదరాబాద్‌లో బీటెక్ థర్డ్ ఇయర్. గంజాయి తాగుతున్నాడని తెలిసి నిలదీస్తే "సిగరెట్ పొగాకులో కొంచెం కలిపి చుట్టుకుంటానంతే, అడిక్ట్ అయ్యేది బాంగ్ (నీళ్లలోంచి పొగ పీల్చే గొట్టం) కొట్టేవాళ్లు" అంటున్నాడు. నిజమేనా? ఇంటికొచ్చిన రెండోరోజు నుంచీ ఒకటే చిరాకు, నిద్రపోడు, అన్నం సరిగ్గా తినడు.
- ఓ అక్క, ఖమ్మం

జవాబు: బాంగ్‌లో ఒక్క దమ్ముకే బోలెడు పొగ లోపలికి పోతుంది, అంతవరకూ నిజమేనమ్మా. కానీ చుట్టుకునే జాయింటైనా చిలుమైనా బాంగైనా గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ నిమిషాల్లోనే మెదడుకి ఎక్కేస్తుంది, ఆ వెంటనే తగిలే కిక్కే మళ్లీ మళ్లీ తాగిస్తుంది. నీళ్లలోంచి వస్తే ఫిల్టర్ అవుతుందనేది ఉత్తమాట, పొగ చల్లబడుతుందంతే. 2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ వాళ్ల దేశవ్యాప్త సర్వేలో చూస్తే మనదేశంలో గంజాయి, చరస్ (గంజాయి మొక్క జిగురు) తాగేవాళ్లకన్నా భంగు (పొగ కాదు, ఆకు నూరి తాగేది, తినేది) తీసుకునేవాళ్లే ఎక్కువ, అయినా అలవాటు ముదిరి ఇబ్బందిపడేవాళ్ల శాతం మాత్రం గంజాయి, చరస్ వాళ్లలోనే ఎక్కువ. (అలాగని భంగు మంచిదని కాదు, హోలీకి ఎవరూ నా పేరు చెప్పొద్దు.) ఇక గంజాయి నుంచి తీసే హ్యాష్ ఆయిల్ జోలికి వెళ్లాడేమో తప్పకుండా కనుక్కోండి, అందులో టీహెచ్‌సీ ఆకులో కంటే చాలా చిక్కగా ఉంటుంది.

మీవాడు సేఫ్ అనుకుంటున్న ఆ పొగాకు దగ్గరే అసలు మెలిక ఉంది. రోజుకి రెండు జాయింట్లంటే నికోటిన్ కూడా రెండుసార్లు ఎక్కుతున్నట్టే, సరుకు దొరకనిరోజు ఉత్త సిగరెట్ కాలుస్తాడు, సిగరెట్ వెలిగించగానే మళ్లీ గంజాయి మీదకి మనసు పోతుంది, అందుకే ఒకటి మానేసి ఇంకోటి ఉంచుకుందామనుకునేవాళ్లు చాలామంది మళ్లీ మొదటికొస్తారు.

మీరు చెప్పిన చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం గంజాయి మానినప్పుడు వచ్చే విత్‌డ్రాయల్ లాగే ఉన్నాయి. ఆపిన ఒకట్రెండు రోజుల్లో మొదలై మొదటి వారంలో బాగా ఎక్కువై, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి, నిద్ర కుదరడానికి ఇంకొంచెం టైమ్ పట్టొచ్చు. అప్పుడప్పుడూ సరదాకి తాగేవాళ్లకి సాధారణంగా ఇలా ఉండదు, కాబట్టి రోజూ తాగుతున్నాడనే అనుకోండి. కొట్టి తిట్టి లాభం లేదు, సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లి గంజాయితోపాటు సిగరెట్ సంగతి కూడా చెప్పండి, రెండింటికీ ఒకేసారి ట్రీట్‌మెంట్ మొదలుపెట్టొచ్చు. వాడు రానంటే ముందు మీరే 14446కి ఫోన్ చేసి మాట్లాడండి, కేంద్రం నడిపే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ అది, టోల్‌ఫ్రీ.